అదునూ, పదునూ

మాటా మంతీ

మన సంఘం గోల్ఫు దినం కరపత్రం యథాప్రకారం ఈ సంచికతో పాటే మీకు అందుతోంది. రుసుము, భోజనం, బస్సు వివరాలన్నీ అయిపోయాక దాని అడుగున యేటా ఒక వాక్యం ఉంటుంది: "వాన పడినా ఆట ఉంటుంది, నేల ఒప్పుకోకపోతే ఉండదు." పోయిన నెల సమావేశంలో కొత్తగా చేరిన ఒక సభ్యురాలు లేచి, "వానకి లేని అభ్యంతరం నేలకేమిటండీ? అచ్చుతప్పా?" అని అడిగారు. పాతవాళ్ళం నవ్వుకున్నాం గాని సరైన జవాబు ఎవరమూ చెప్పలేదు. అడిగినవారిని చూసి నవ్వి ఊరుకోవడం మర్యాద కాదు. అందుకని ఈ నెల ఈ శీర్షికని ఆ ఒక్క వాక్యానికే ఇస్తున్నాం.

ముందుగా ఒక మనవి. మాలో గొప్ప ఆటగాళ్ళు ఎవరూ లేరు. లండనుకి ఉత్తరాన ఒక తొమ్మిది హోళ్ళ మైదానంలో ఆదివారం పొద్దున్నే నాలుగు కుటుంబాలవాళ్ళం కలుస్తాం. బంతి ఎక్కువగా చెట్లలోకి, మాటలు ఎక్కువగా ఊళ్ళోకి పోతుంటాయి. యేటా జూలైలో ఒక ఆదివారం మైదానాన్ని అద్దెకు తీసుకుని, సభ్యులనీ వారి స్నేహితులనీ పిలిచి, వచ్చిన డబ్బుతో పిల్లల తెలుగు తరగతి జరిగే హాలు అద్దె కడతాం. కనుక ఆ రోజు ఆట చెడితే, తరగతికి చోటు లేకుండా పోతుందన్న భయం మాకు ఎప్పుడూ ఉంటుంది.

ఇక 2012 సంగతి. ఆ యేడు వసంతకాలంలో ఇక్కడ నీటి కరువు. వరసగా రెండు శీతాకాలాలు వానలు తక్కువై, భూమిలో నీరు అడుగంటింది. ఏప్రిల్ 5న దక్షిణ, తూర్పు ఇంగ్లండులో ఏడు నీటి కంపెనీలు గొట్టంతో తోటలు తడపకూడదని నిషేధం పెట్టాయి. నిషేధం పెట్టడమే తడవు, వాన మొదలైంది. ఈ దేశంలో 1910 నుంచి ఉన్న లెక్కల్లో అప్పటికి అంత వాన పడిన ఏప్రిల్ లేదు. జూన్ కూడా అంతే. గొట్టాల నిషేధం జూన్ మధ్యలో ఎత్తేసే నాటికి మా పెరట్లో గొట్టం ఎక్కడుందో కూడా కనబడనంత గడ్డి పెరిగింది. జూన్, జూలై, ఆగస్టు మూడు నెలలూ కలిపి దేశమంతటా సగటున 370 మిల్లీమీటర్లు పడింది. 1912 తరువాత అంత తడి వేసవి లేదని వాతావరణ శాఖవారు తేల్చారు. ఆకాశంలో ఎత్తున పడమటి నుంచి వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఆ యేడు మామూలు దారి విడిచి దక్షిణానికి జరిగి, అల్పపీడనాలను ఒకదాని వెంట ఒకటి మన నెత్తికి పంపిందట.

"మూడు నెలలకి 370 మిల్లీమీటర్లేనా? మా వైపు తుపాను వస్తే రెండు రోజుల్లో పడుతుంది" అంటారు మీరు. మేమూ అలాగే అనుకున్నాం. కాని మన వాన కొట్టి పోతుంది. మర్నాడు ఎండ కాస్తుంది, నేల ఆరుతుంది. ఇక్కడి వాన చుట్టపు చూపుగా వచ్చి మకాం వేస్తుంది. జల్లుగా పడుతూనే ఉంటుంది. మబ్బు విడవదు, గాలిలో చెమ్మ పోదు, పడిన నీరు ఆవిరవదు. కిందనేమో లండను బంకమట్టి. పైకి పోలేక, కిందికి దిగలేక నీరు మధ్యలో నిలబడిపోతుంది.

ఆ నీరెంతో ఒక లెక్క చెబుతాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. బంతిని గుంటలో వేసే ఆ నున్నటి గ్రీను మా మైదానంలో సుమారు 400 చదరపు మీటర్లు. ఒక రాత్రి 25 మిల్లీమీటర్లు పడిందంటే ఆ ఒక్క గ్రీను మీదే పది వేల లీటర్లు, అంటే పది టన్నులు. అలాంటివి తొమ్మిది. వాటిని చూసుకోవడానికి ఉన్నది ఇద్దరు మనుషులు: పెద్ద గ్రీన్‌కీపరూ, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడూను.

ఆ యేడు మన ఆట జూలై 8, ఆదివారం. టెన్నిసు చూసేవారికి ఆ తేదీ జ్ఞాపకముండే ఉంటుంది. ఆనాటి వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్, మర్రీ ఆడుతుండగా మూడో సెట్టులో వాన వచ్చి, పచ్చికకి గొడుగు పట్టినట్టు పైకప్పు మూశారు. మా మైదానానికి పైకప్పేదీ? పొద్దున్న ఏడు గంటలకి పులిహోర డబ్బాలతో, పిల్లలతో మేము చేరేసరికి గేటుకి ఒక అట్ట వేలాడుతోంది: "మైదానం మూసివేయబడింది."

మాకు మండింది. నలభై మంది దగ్గర డబ్బు తీసుకున్నాం. దూరం నుంచి వచ్చేవారు అప్పటికే దారిలో ఉన్నారు. అంతకు మించి, ముందటి శనివారం అదే వానలో క్లబ్బువారు తమ సొంత పోటీ జరుపుకున్నారు. అది మేము కళ్ళారా చూశాం. వాళ్ళకి లేని వాన మనకే వచ్చిందా? మాలో ఒకరు పైకే అన్నారు: "మనవాళ్ళమని మూసేశారు." మిగతావాళ్ళం కాదనలేదు. ఈ దేశంలో ఎన్నేళ్ళున్నా, మొహం మీద తలుపు పడగానే ముందు తోచే ఆలోచన అదే గదా. ఆ అనుమానం ప్రతిసారీ తప్పని మేము అనడం లేదు. ఆ రోజు మాత్రం తప్పయింది. అందుకే దాచకుండా రాస్తున్నాం.

పెద్ద గ్రీన్‌కీపరు రబ్బరు బూట్లతో షెడ్డులోంచి వచ్చాడు. మేము మాట పెంచేలోగా, "నాతో రండి, అంచు వెంట నడవండి" అని ఏడో గ్రీను దాకా తీసుకెళ్ళాడు. మాతోపాటు బాబాయిగారు కూడా ఉన్నారు. మా మిత్రుడి తండ్రిగారు ఆయన. కృష్ణా డెల్టాలో యాభై ఏళ్ళు వరి పండించిన మనిషి. మనవల్ని చూసుకోవడానికి వేసవికి వచ్చి, ఎండ మొహం చూడక దిగులు పడుతున్నారు.

ఏడో గ్రీను చూడగానే ఆయన గట్టు మీదే ఆగిపోయారు. గుంట చుట్టూ గడ్డి పసుపుపచ్చగా పడిపోయి ఉంది. అడుగుల గుర్తులు మెరుస్తున్నాయి, వాటిలో నీళ్ళు. బాబాయిగారు పంచె ఎగ్గట్టి వంగి, వేలితో నొక్కి చూసి, కొడుకుతో అన్నారు:

"ఏరా అబ్బాయ్, ఇక్కడెవర్రా దమ్ము చేసింది?"

దమ్ము సంగతి డెల్టావాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, ఇక్కడ పుట్టిన పిల్లల కోసం చెబుతాం. వరి నాటే ముందు మడిలో నీరు పెట్టి, ఆ నీటిలోనే దున్ని, తొక్కి, మట్టిని వెన్నలా చేస్తారు. అలా చేస్తే మట్టిలో ఉండే సన్నటి సందులన్నీ మూసుకుపోయి, పైనున్న నీరు కిందికి ఇంకదు. వరికి కావలసింది అదే. వరి మొక్క కాడలో గాలి గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి. వేరు నీటిలో ఉన్నా ఆకుల మీదుగా ఊపిరి అందుతుంది. పచ్చిక గడ్డికి ఆ ఏర్పాటు లేదు. దాని వేరు మట్టి సందుల్లో ఉండే గాలే పీల్చాలి.

మిత్రుడు ఆ మాటని ఇంగ్లీషులో చెప్పబోయి తడుముకుని, చివరికి 'పడ్లింగ్' అన్నాడు. గ్రీన్‌కీపరు ఒక్కసారి తలెత్తి బాబాయిగారి వంక చూశాడు. ఆ మాట ఆయనకి తెలుసు. పడవలు నడిచే కాలవలు తవ్వించిన రోజుల్లో, అంటే 18వ శతాబ్దంలో, అడుగున నీరు ఇంకిపోకుండా ఇంగ్లండులో బంకమట్టిని తడిపి, తొక్కి మెత్తేవారు. దానికీ అదే పేరు.

"ఆయన సరిగ్గా చెప్పారు" అన్నాడు. "పోయిన శనివారం అరవై మంది ఆడారు. ఆపమని నేను ముందే చెప్పాను. కమిటీవాళ్ళు పట్టుబట్టారు. నేను గట్టిగా నిలబడలేదు, తప్పు నాదే. ఈ వారం మాత్రం ఎవరడిగినా ఒప్పుకోను."

మేము మనసులో లెక్క వేసుకున్నాం. అరవై మంది, ఒక్కొక్కరు ఒక గ్రీను మీద తక్కువలో తక్కువ యాభై అడుగులు వేస్తారు. తొమ్మిది హోళ్ళని రెండుసార్లు చుడతారు గనక ఆరు వేల అడుగులు. ఆడినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఒక్కరి అడుగూ విడిగా చూస్తే గుర్తు కూడా పడదు. ఆరు వేలు కలిసి దమ్ము చేశాయి. ఆ పైన మన నలభై మందిమి ఇంకో నాలుగు వేలు వేద్దామని పులిహోరతో వచ్చాం!

ఆయన గ్రీను అంచున ఒక గొట్టంలాంటి పరికరాన్ని దింపి, మట్టి కడ్డీ ఒకటి పైకి తీసి మా చేతిలో పెట్టాడు. పైన ఒక అంగుళం వేరు. దాని కింద సన్నటి నల్లటి చార. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గాలి ఆడని తడి మట్టిలో, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు గంధకంతో చేసే పని అది. 'బ్లాక్ లేయర్' అంటారట. వేరు ఆ చార దాటి కిందికి పోదు. పోనీ పైనుంచి బలం తీసుకుందామంటే గ్రీను మీద గడ్డిని నాలుగైదు మిల్లీమీటర్లకి కోస్తారు. బియ్యపుగింజ పొడవు కంటే తక్కువ. అంత పొట్టి ఆకు వండుకునేదెంత, తినేదెంత? పైగా చల్లటి తడికి బూజు తెగులు పట్టి, గోధుమరంగు మచ్చలు వేస్తుంది.

మన దేశంలో అయితే గోల్ఫు మైదానాలు చాలామటుకు గరికతో పెంచుతారు. వినాయకుడి పూజకి కోసే గరికే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని బెర్ముడా గడ్డి అంటారు. ఎండకి మాడి, వానకి లేచే మొండి ఘటం. ఇక్కడి చలికి అది ఏపుగా పెరగదు. ఇక్కడి గ్రీన్ల మీద ఉండేవి బెంటు, ఫెస్క్యూ అనే సన్నగడ్డి జాతులూ, అడగకుండా వచ్చి స్థిరపడే 'పోవా' అనే గడ్డీను. ఈ పోవాకి వేరు మరీ పైపైనే. తడి వేసవిలో ముందు పడిపోయేది అదే.

"మరి కింద ఇసకా కంకరా వేసి కడతారట గదా?" అని మాలో ఒకరు తెలివిగా అడిగారు. నిజమే. 1960లో అమెరికా గోల్ఫు సంఘంవారు ప్రకటించిన పద్ధతి ఒకటుంది. అడుగున గొట్టాలు, వాటి మీద నాలుగంగుళాల కంకర, ఆ పైన పన్నెండంగుళాల ఇసక మట్టి. అలా కట్టిన గ్రీను నుంచి వాన నీరు త్వరగా జారిపోతుంది. దానికి చాలా డబ్బు కావాలి. మాది పాతకాలపు మైదానం. ఉన్న మట్టినే పోగు చేసి గ్రీన్లుగా దిద్దారు. ఆ మాటకొస్తే ఇసక నేలలకీ ఆ యేడు బాధ తప్పలేదు. అదే నెలలో సముద్రపుటొడ్డున రాయల్ లిథమ్‌లో జరిగిన ఓపెన్ పోటీలో కొన్ని ఇసక బంకర్లలో నీళ్ళు నిలబడ్డాయి. ఇలా నిలిచిన నీటికి ఆట నిబంధనల్లో 2019 నుంచి 'తాత్కాలిక జలం' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 2012లో మా మైదానంలో అది శాశ్వత నివాసానికే దరఖాస్తు పెట్టుకుంది.

ఇంతలో మాలో ఒక ఉత్సాహవంతుడు, "గడ్డపలుగులిస్తే అందరం కలిసి గ్రీనంతా గుచ్చి గాలి ఆడేలా చేస్తాం" అన్నాడు. గ్రీన్‌కీపరూ బాబాయిగారూ ఒకేసారి చేయి అడ్డంగా ఊపారు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ చెప్పింది ఒకటే. జిగురుగా ఉన్న మట్టిలో ఇనుము దింపితే, కన్నం గోడలు కుమ్మరి చేతిలో కుండలా నున్నగా మెత్తుకుపోతాయి. గాలీ నీరూ వాటిలోకి దూరవు. నల్లరేగడిని తడిలో దున్నితే ఆరాక బండరాళ్ళలాంటి పెళ్ళలు లేస్తాయని మన రైతుకి తెలుసు. "పదును రావాలిరా" అన్నారు బాబాయిగారు. మట్టి చారెడు తీసుకుని పిడికిట్లో ముద్ద చేసి, బొటనవేలితో నొక్కి చూపించారు. ముద్ద విడిపోతే పదునొచ్చినట్టు. వేలికంటుకుని సాగితే ఆగాల్సిందే. ఆయన చేతిలోని ముద్ద సాగింది.

అదును అంటే కాలం, పదును అంటే తడి. రెండూ కుదిరితేనే సేద్యం అని చిన్నప్పుడు విన్నాం. గోల్ఫు మైదానంలో వింటామనుకోలేదు. ఆ వేసవంతా ఆ గ్రీన్‌కీపరు చేసిన కష్టంలో సగం, చేతిలో యంత్రాలుండి కూడా వాటిని బయటికి తీయకుండా ఉండడం. గడ్డి కోసే యంత్రం తీస్తే చక్రాల చాళ్ళు పడతాయి. తీయకపోతే గడ్డి పెరిగిపోతుంది. పెరిగిన గడ్డిని ఒక్కసారిగా పొట్టిగా కోయకూడదు. ఆకులో మూడోవంతు మించి తీస్తే మొక్క నీరసిస్తుంది. అందుకని కత్తి ఎత్తు పెంచి, గ్రీన్ల మీద మనిషి వెనకనుంచి తోసుకునే చిన్న యంత్రంతో, రెండు జల్లుల మధ్య దొరికిన గంటలో కోసేవాడు. తెల్లవారుజామున రబ్బరు పలక బిగించిన కర్రతో నీటిని గ్రీను పైనుంచి తోసేసేవాడు. పొడుగాటి బెత్తంతో ఆకుల మీది మంచు దులిపేవాడు. ఆకు ఆరితే బూజు పట్టదు. వానకి బంకర్ల గోడల నుంచి జారిపోయిన ఇసకని పారతో మళ్ళీ పైకి ఎక్కించేవాడు. మర్నాడు వానకి అది మళ్ళీ జారేది.

వానపాముల గొడవ మరొకటి. నేల తడిస్తే అవి పైకి వచ్చి మట్టి కుప్పలు పెడతాయి. వాటిని తొక్కితే పచ్చిక మీద బురద బిళ్ళలవుతాయి. గ్రీన్‌కీపరుకి వాటి మీద కోపమూ లేదు, వాటిని చంపే ఉద్దేశమూ లేదు. లండనుకి దక్షిణాన తన ఇంటి పొలంలో వానపాములను చూస్తూ డార్విన్ 1881లో ఒక పుస్తకమే రాశాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి యేటా పది టన్నులకి పైగా మట్టి వాటి పొట్టల్లోంచి వెళ్తుందని ఆయన లెక్క. అవి చేసే కన్నాలే బంకమట్టికి ఊపిరి. కుప్పలు ఆరినప్పుడు చీపురుతో చిమ్మేయడం ఒక్కటే మార్గం.

"మరి మేము చేయగలిగిందేమీ లేదా?" అని అడిగాం. పొద్దున్నే వచ్చిన కోపం అప్పటికి సిగ్గుగా మారింది. ఆయన ఆలోచించి, ఏడో గ్రీను వెనక హద్దు వెంట ఉన్న కాలవ చూపించాడు. ఆకులు, కొమ్మలు, బురద చేరి పూడిపోయింది. గ్రీను కింది గొట్టం నోరు ఆ బురదలో మునిగి ఉంది. "ఇద్దరం చేయలేక వదిలేశాం. దీనికి పచ్చిక తొక్కనక్కర్లేదు, రోడ్డు వైపు నుంచి దిగవచ్చు" అన్నాడు.

బాబాయిగారి మొహం విప్పారింది. పూడికతీత! వేసవి వస్తే పంట కాలవలకి నీరు కట్టేసి పూడిక తీయించిన మనిషి. ఆ ఆదివారం గోల్ఫు కర్రలు కార్లలోనే ఉండిపోయాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ప్యాంట్లు మడిచి పారలు పట్టుకున్నారు. ఆడవాళ్ళూ పిల్లలూ బకెట్లు అందించుకున్నారు. తీసిన మట్టిని గట్టు అంచున వెయ్యొద్దనీ, వానకి మళ్ళీ లోపలికే జారుతుందనీ బాబాయిగారు ఒకటే కేకలు. మధ్యాహ్నం రెండింటికి గొట్టం నోరు బయటపడి, ముందు నల్లగా, తరువాత గోధుమరంగుగా, ఆ తరువాత తేటగా నీరు రావడం మొదలెట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వానలో షెడ్డు చూరు కింద నిలబడి పులిహోర తిన్నాం. గ్రీన్‌కీపరు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఆట సెప్టెంబరులో జరిగింది. నేల ఆరాక ఆయన గ్రీన్లకి బోలు కడ్డీలతో కన్నాలు వేసి, ఇసక నింపి, తాత్కాలిక గ్రీను ఒకటి పక్కన కోసి ఏడో హోలు నడిపించాడు. ముప్ఫై మందిమే వచ్చాం. తరగతి హాలు అద్దెకి కొంచెం తక్కువైతే, క్లబ్బువారు మైదానం అద్దెలో సగం తగ్గించారు. ఎందుకని అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. అసలు ఏడో గ్రీను మాత్రం మరుసటి మే నెల దాకా కోలుకోలేదు. ఒక్క శనివారం ఆటకి పది నెలలు పట్టింది. ఆ వేసవి ఆట ఆగిన రోజుల్ని క్లబ్బులో తిట్టుకున్నవాళ్ళు, చలికాలమంతా ఆ బోడి గ్రీనుని చూసి మాట్లాడటం మానేశారు.

ఇది పాత కథ అనుకోవద్దు. 2022 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా ఇంగ్లండులో పడినంత వాన, 1836 నుంచి ఉన్న లెక్కల్లో మరే పద్ధెనిమిది నెలల్లోనూ పడలేదు. అదే సమయంలో గ్రీన్‌కీపర్ల చేతిలో మందులు తగ్గిపోతున్నాయి. బూజుకి చాలాకాలం వాడిన ఇప్రొడయోన్ 2018లో నిషేధమైపోయింది. మిగిలింది గాలి, ఇసక, కాలవ, ఓపిక. మొదటి మూడూ వాళ్ళ పని. నాలుగోది మనదీ కూడా.

అందుచేత సభ్యులకి మా విన్నపం. ఆటకి ముందు రోజు సాయంత్రం ఆరింటికి కరపత్రంలోని నంబరుకి ఫోను చేయండి. "లేదు" అంటే మీ మీద కోపమని అనుకోకండి. "ఉంది" అంటే, తడిగా ఉన్నచోట చక్రాల బండి లాగకుండా సంచీ భుజానికి తగిలించుకోండి. అందరూ ఒకే దారిన నడవకండి. బంతి పడి గ్రీను మీద చేసిన గుంటని పూడ్చి కదలండి. ఇంట్లో పచ్చిక ఉన్నవారికీ ఇదే మాట. వాన వారం తరువాత గడ్డి ఏపుగా ఉందని యంత్రంతో పరిగెత్తకండి. ముందు చారెడు మట్టి తీసి బొటనవేలితో నొక్కి చూడండి.

బాబాయిగారు ఆ అక్టోబరులో ఊరికి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. మూడేళ్ళ కిందట పోయారు. కబురు తెలిసి క్లబ్బుకి వెళ్ళి చెబితే, గ్రీన్‌కీపరు టోపీ తీసి కాసేపు నిలబడి, ఏడో గ్రీను వెనక కాలవకి ఆ వారం పూడిక తీయాల్సి ఉందన్నాడు. ఆదివారం అందరం వెళ్ళాం. ఈసారి వాన లేదు, నేల పదునుగా ఉంది.

కరపత్రంలో ఆ వాక్యం ఆయన చెబితే మేము రాసుకున్నది. అచ్చుతప్పు కాదు. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.